పాముకన్నా ముందు అమ్మేవారిని చూడండి

డాలస్ శివారు ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉండే తెలుగు తల్లిదండ్రులకు, పిల్లలు కుక్కపిల్ల కావాలని అడగడం అలవాటే. పాము కావాలని అడిగితే మాత్రం ఏం చెప్పాలో తోచదు. అక్కడ కొన్ని బడుల్లో సైన్స్ గదిలో ఒక గాజు పెట్టె, అందులో ఒక కార్న్ స్నేక్ ఉంటాయి. పిల్లలు దాన్ని రోజూ చూస్తారు. టీచరు దగ్గరుండి చేతికి ఇస్తే పట్టుకుంటారు. భయం పోతుంది, ఇష్టం మొదలవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర పేర్లు వింటూ పెరిగిన పెద్దవాళ్లకు ఆ ఇష్టం అర్థం కాదు. కానీ అమెరికాలో విషం లేని పాములను ఇంట్లో పెంచుకోవడం చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకున్న మామూలు విషయం.

పెంచాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. పెంచుదామని అనుకున్నాక వచ్చే మొదటి ప్రశ్న, ఎక్కడ కొనాలి అన్నది. చాలామంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు. ముందు రంగు చూస్తారు, ధర చూస్తారు, దగ్గర్లో ఏ దుకాణం ఉందో చూస్తారు. పాము విషయంలో ఈ వరుస తలకిందులు కావాలి. కారణం పాము శరీరంలోనే ఉంది.

పాము శీతరక్త జీవి (ఒంటికి కావలసిన వేడిని బయటినుంచి తెచ్చుకునే జంతువు). తిన్న తిండిని ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చు చేయదు. అందుకే చాలా తక్కువ తిండితో బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ కొన్ని నెలలపాటు ఏమీ తినకుండా ఉండగలదు. కొనేవారికి చిక్కు తెచ్చిపెట్టేది ఈ గుణమే. కుక్కపిల్లకు జబ్బు చేస్తే ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. పాముకు జబ్బు చేసినా, అది తిండి మానేసినా వారాల తరబడి పైకి కనబడదు. గాజు పెట్టెలో చుట్ట చుట్టుకుని పడుకున్న రెండు పాముల్లో ఏది ఆరోగ్యమైనదో కొత్తవారు చూసి చెప్పలేరు. అనుభవం ఉన్నవారు కూడా ఒక్కోసారి చెప్పలేరు. చెప్పగలిగేది దాని చరిత్ర మాత్రమే. ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు తిన్నది, ఏయే పాముల పక్కన ఉంది. ఈ నాలుగూ చెప్పగలిగినవారి దగ్గరే కొనాలన్నది నా గట్టి అభిప్రాయం.

మొదటి పాముగా ఎక్కువమంది ఎంచుకునేవి రెండు. కార్న్ స్నేక్ ఆగ్నేయ అమెరికాకు చెందినది. సన్నగా, చురుగ్గా ఉంటుంది, మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల చిన్న కొండచిలువ. పొడవు దాదాపు అంతే కానీ ఒళ్లు బలంగా, దళసరిగా ఉంటుంది. భయం వేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అలా వచ్చిందే. ఇరవై ముప్పై ఏళ్లు బతకడం మామూలు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు అరవై దాటిందని జూ వారు చెప్పారు. పదేళ్ల పిల్లకోసం ఈరోజు కొన్న పాము, ఆ పిల్ల చదువు, పెళ్లి అయిపోయాక కూడా ఇంట్లో ఉండవచ్చు. రెండింటికీ విషం లేదు.

ఈ రెండూ దుకాణానికి చేరే దారులు వేరు. అమెరికా దుకాణాల్లోని కార్న్ స్నేక్‌లు దాదాపు అన్నీ పెంపకంలో పుట్టినవే. బాల్ పైథాన్‌కు మాత్రం రెండు దారులున్నాయి. తేడా తెలియాల్సింది ఇక్కడే.

మొదటి దారి ఘానా, టోగో, బెనిన్ దేశాల నుంచి మొదలవుతుంది. అక్కడి పొలాల్లో, బొరియల్లో ఉండే చూలు పాములను, గుడ్లను గ్రామస్తులు తవ్వి తీస్తారు. వ్యాపారులు వాటిని కొని తమ కేంద్రాల్లో గుడ్లు పొదిగిస్తారు. పిల్లలు బయటికి రాగానే విదేశాలకు పంపుతారు. బాల్ పైథాన్ వ్యాపారం సైటిస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధం కిందికి వస్తుంది, కనుక కాగితాలు ఉంటాయి. ఇలా వచ్చినవాటిని ఆ కాగితాల్లో ‘రాంచింగ్’ (అడవి గుడ్లను తెచ్చి పొదిగించే పద్ధతి) అని రాస్తారు. దుకాణం బోర్డు మీద ఇదే ‘పెంపకంలో పుట్టినది’ అని మారిపోతుంది. పుట్టింది పెంపకంలోనే, తల్లి మాత్రం అడవిది. పిల్లలే కాక అడవిలో పట్టిన పెద్ద పాములు కూడా ఈ దారిలో వస్తాయి.

వ్యాపారం చట్టబద్ధమే. ఇబ్బంది ప్రయాణంలో వస్తుంది. చాలా పాములను కలిపి సంచుల్లో, పెట్టెల్లో పంపుతారు. చలి, వేడి, దాహం, కుదుపు. వాటిలో ఒకదానికి పిడుదులో, పేగుల్లో పురుగులో ఉంటే మిగతావాటికి అంటుకుంటాయి. ఆఫ్రికా పాముల మీద, తాబేళ్ల మీద వచ్చే పిడుదుల్లో కొన్ని హార్ట్‌వాటర్ (పశువులను చంపే ఆఫ్రికా జ్వరం) మోసుకురాగలవు. ఈ భయంతోనే అమెరికా వ్యవసాయ శాఖ 2000లో మూడు రకాల ఆఫ్రికా తాబేళ్ల దిగుమతిని ఆపింది.

దిగుమతిదారు నుంచి హోల్‌సేల్ గోదాముకు, అక్కడి నుంచి దుకాణానికి. గోదాములో నాలుగు ఖండాల జంతువులు ఒకే కప్పు కింద ఉంటాయి. ఒక ఖండపు క్రిమికి తట్టుకోగలిగిన జంతువు పక్కన, ఆ క్రిమిని ఎన్నడూ ఎరగని జంతువు ఉంటుంది. అలసిపోయిన ఒంటికి రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. జబ్బులు వ్యాపించడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2009 డిసెంబరులో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ నగర అధికారులు యూ.ఎస్. గ్లోబల్ ఎగ్జోటిక్స్ అనే హోల్‌సేల్ సంస్థ నుంచి 26,000కు పైగా జంతువులను స్వాధీనం చేసుకున్నారు. వాటిలో సరీసృపాలు, ఉభయచరాలు చాలా ఉన్నాయి. ఆ తనిఖీలో తెలిసిన విషయాలు 2014లో ఒక శాస్త్ర పత్రికలో వ్యాసంగా వచ్చాయి. జంతువుల్లో దాదాపు 80 శాతం అప్పటికే జబ్బుతోనో, గాయాలతోనో ఉన్నాయి, లేదా చచ్చిపోయాయి. చచ్చినవి, చావుకు దగ్గరైనవి కలిపి వారానికి దాదాపు 3,500 పారవేస్తున్నారు. కారణాల్లో కిక్కిరిసిన డబ్బాలు, తిండి నీళ్లు లేకపోవడం, శుభ్రత లేకపోవడం, సరిపడని వేడి ఉన్నాయి. తనిఖీ జరగకపోతే, బతికినవి ఎప్పటిలాగే దుకాణాలకు వెళ్లి ఉండేవి. గాజు పెట్టెలో అందంగా కనబడి ఉండేవి. అన్ని గోదాములూ అలాగే ఉంటాయని అనను. దుకాణానికి వెళ్లిన కొనుగోలుదారుకు మాత్రం, తన ముందున్న పాము ఎలాంటి గోదాము దాటి వచ్చిందో తెలుసుకునే దారి సాధారణంగా ఉండదు.

రెండో దారి చాలా చిన్నది. అమెరికాలోనే ఒక పెంపకందారు ఇంట్లోనో షెడ్డులోనో పుట్టిన పిల్ల, అక్కడినుంచి నేరుగా మీ ఇంటికి వస్తుంది. 1992లో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు అల్బినో (నలుపు వర్ణకం లేని) బాల్ పైథాన్‌లను పెంపకంలో తొలిసారి పుట్టించాడు. తర్వాత కొత్త రంగుల కోసం పోటీ మొదలై, వేల మంది ఈ పెంపకంలోకి వచ్చారు. ఈ పోటీలో ఒక చెడు కూడా ఉంది. ‘స్పైడర్’ అనే అందమైన రకానికి, ఆ రంగు ఇచ్చే జన్యువుతోపాటే చెవి లోపలి భాగంలో లోపం వస్తుంది. తల ఊగుతుంది, ఎలుకను పట్టబోయి గురి తప్పుతుంది, ఒక్కోసారి వెల్లకిలా పడిపోతుంది. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో ఈ రకం అమ్మకాన్ని నిషేధించింది. ఈ లోపం గురించి అడగకముందే చెప్పే పెంపకందారు నమ్మదగినవాడు. అడిగినా ‘అది పెద్ద విషయం కాదు’ అనేవారి దగ్గర వేరే రంగు కూడా కొనకండి.

మంచి పెంపకందారును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ప్రతి పిల్లకూ ఒక కార్డు ఉంటుంది. గుడ్డు పగిలిన తేదీ, మొదటి కుబుసం విడిచిన తేదీ, ఆ తర్వాత ప్రతి భోజనం తేదీ, ఏం పెట్టారు, తిన్నదా వద్దందా, బరువు ఎన్ని గ్రాములు. ఈ కార్డు అడిగి చూడండి. పిల్ల కనీసం ఐదుసార్లు వరుసగా తిని ఉండాలి. అది కూడా, వీలైతే, ఫ్రీజర్‌లో పెట్టి కరిగించిన ఎలుకను. బతికున్న ఎలుకలకే అలవాటు పడిన పామును మార్చడం కొత్తవారికి కష్టం, పైగా బతికున్న ఎలుక పామును కొరికి గాయపరుస్తుంది. బాల్ పైథాన్ తిండి మానేయడానికి పేరు పడ్డ పాము. అందుకే తిండి లెక్క లేని పిల్లను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దనండి. ఆ పిల్ల తల్లి, తండ్రి పాములను చూపించమని కూడా అడగవచ్చు. మీరు అడిగినన్ని ప్రశ్నలు పెంపకందారు మిమ్మల్ని అడగాలి: గూడు సిద్ధమైందా, థర్మోస్టాట్ (వేడిని ఒకే స్థాయిలో ఉంచే పరికరం) కొన్నారా, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని. అలా అడిగేవారు అమ్మాక కూడా ఫోన్ ఎత్తుతారు.

డాలస్ చుట్టుపక్కల తెలుగువారికి దగ్గర్లోనే, ఆర్లింగ్టన్‌లోనే, ఎన్.ఏ.ఆర్.బి.సి. అనే సరీసృపాల ప్రదర్శన జరుగుతుంది. ఇలాంటి చోట ఒకే రోజు చాలామంది పెంపకందారులను కలవవచ్చు, ముఖాముఖి మాట్లాడవచ్చు. అదే హాల్లో దిగుమతి పాములను తెచ్చి అమ్మేవారు కూడా బల్ల వేసుకుంటారు. పైకి రెండు బల్లలూ ఒకేలా ఉంటాయి. కార్డు అడిగితే తేడా తెలుస్తుంది. ఒక బల్ల దగ్గర పామును పట్టుకున్న చేతిని కడుక్కోకుండా ఇంకో బల్ల దగ్గర పామును పట్టుకోకండి. మొదటిసారి వెళ్లినప్పుడు కొనకుండా కార్డులు, ఫోన్ నంబర్లు తెచ్చుకోవడం మేలని నా సలహా.

ఆన్‌లైన్‌లో మార్ఫ్‌మార్కెట్ లాంటి చోట్ల వేల పాములు కనబడతాయి. అక్కడ అమ్మేది ఆ వెబ్‌సైటు కాదు, వేరువేరు వ్యక్తులు. ఫొటో అదే పాముదా, భోజనాల లెక్క ఉందా, బతికి చేరకపోతే డబ్బు వెనక్కిస్తారా అని అడగాలి. అమెరికా తపాలా శాఖ పాములను తీసుకోదు. ప్రైవేటు కొరియర్‌లో ఒక్క రాత్రిలో చేరేలా పంపాలి. ఎండలు మండే రోజుల్లో, గడ్డకట్టే చలిలో పంపడానికి ఒప్పుకోని వ్యాపారి బాధ్యత తెలిసినవాడు.

పెద్ద పెట్ స్టోర్లలో కొంటే ఒక సౌకర్యం ఉంది, సామాను అంతా ఒకేచోట దొరుకుతుంది. పాము చరిత్ర మాత్రం అక్కడి ఉద్యోగికి సాధారణంగా తెలియదు.

చాలామంది ఆలోచించని దారి ఇంకొకటి ఉంది: దత్తత. కొని, కొన్నేళ్లు పెంచి, కాలేజీకి వెళ్తూనో ఇల్లు మారుతూనో వదిలేసిన పెద్ద పాములు అమెరికాలోని జంతు సంరక్షణ కేంద్రాల్లో, సరీసృప సంఘాల దగ్గర ఎన్నో ఉంటాయి. వాటి తిండి అలవాటు, స్వభావం అప్పటికే తెలిసి ఉంటాయి. ఎంత పెరుగుతుందో ఎదురుగానే కనబడుతుంది. మొదటి పాము తెచ్చుకునేవారికి చిన్న పిల్లకన్నా, బాగా తింటున్న ఐదారేళ్ల పాము సులువు. నన్ను అడిగితే ముందు ఇక్కడే వెతకమంటాను.

ఎక్కడ కొన్నా, డబ్బు ఇచ్చేముందు పామును చేతిలోకి తీసుకుని చూడాలి. వెంట ఒక తెల్లటి టిష్యూ కాగితం తీసుకెళ్లండి. దాన్ని కొంచెం తడిపి, పాము మెడ నుంచి తోక దాకా మెల్లగా తుడవండి. గసగసాల గింజలో సగమే ఉన్న నల్లని చుక్కలు కాగితం మీద కనబడి, ఒకటైనా కదిలితే అది మైట్ (పాము రక్తం తాగే సూక్ష్మ పురుగు). ఇవి కళ్ల చుట్టూ, గడ్డం కింది గాడిలో దాక్కుంటాయి. పాము పగలంతా నీళ్ల గిన్నెలోనే పడుకుని ఉంటే, మైట్ల బాధ తట్టుకోలేక కావచ్చు. గిన్నె అడుగున నల్లని చుక్కలు మునిగి ఉన్నాయేమో చూడండి. ఆడ మైట్లు గుడ్లను పాము మీద కాకుండా పెట్టె సందుల్లో పెడతాయి. అందుకే పామును కడిగినంత మాత్రాన పోవు. రెండు మూడు వారాల్లో కొత్త తరం పుడుతుంది. ఒక పెట్టెలో కనబడితే ఆ దుకాణంలో అన్ని పెట్టెలనూ అనుమానించాల్సిందే.

తర్వాత ముక్కు, నోరు. ముక్కు దగ్గర బుడగలు, నోటి అంచున జిగురు, ఊపిరి తీస్తుంటే టిక్ టిక్ చప్పుడు, నోరు తెరిచి ఉంచడం, ఇవి ఊపిరితిత్తుల జబ్బు గుర్తులు. కొండచిలువల్లో ఇలాంటి జబ్బు తెచ్చే నిడోవైరస్‌ను శాస్త్రవేత్తలు 2014లో గుర్తించారు. ఇంకొకటి, ఇన్‌క్లూజన్ బాడీ జబ్బు. బోవా (కొండచిలువలాంటి మరో రకం పాము), కొండచిలువ జాతుల పాములకు వస్తుంది. దీని వెనకున్న అరీనావైరస్‌లు 2012లో తెలిశాయి. బోవాలు దీన్ని ఏళ్ల తరబడి పైకి కనబడకుండా మోయగలవు, పక్కన ఉన్న కొండచిలువ అదే జబ్బుతో త్వరగా చచ్చిపోతుంది. బోవాలు, కొండచిలువలు కలిపి ఉంచే చోట కొనకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. కార్న్ స్నేక్‌లో చూడాల్సింది ఒంటి మధ్యలో గట్టి ఉబ్బు, తిన్నది కక్కడం. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల ఇలా అవుతుంది, దీనికి నమ్మకమైన మందు లేదు.

ఇక ఒళ్లు. వెన్నెముక అంచులా పైకి లేచి కనబడితే పాము చిక్కిపోయింది. కడుపు వైపు పొలుసులు శుభ్రంగా ఉండాలి, ఎర్రగానో గోధుమరంగుగానో మారితే తడిలోనో అతివేడి మీదో ఉంచారన్నమాట. కళ్లు పాలరంగుగా ఉంటే కంగారు పడకండి, కుబుసం విడవబోతోంది. చేతిలో ఉన్నప్పుడు ఒళ్లు వేళ్లను మెత్తగా బిగించి పట్టుకోవాలి, నాలుక ఆడుతూ ఉండాలి. తాడులా వేలాడితే వదిలేయండి. పామును మాత్రమే కాకుండా గూటిని కూడా చూడండి. థర్మామీటర్ ఉందా? బాల్ పైథాన్‌కు ఒక చివర 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, మరో చివర 25 నుంచి 27 డిగ్రీలు కావాలి. అమ్మేవారి దగ్గరే అది లేకపోతే, ఆ పాము అప్పటిదాకా సరిగా అరిగించుకుని తిన్నదన్న మాట నమ్మలేం.

చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. హవాయిలో ఏ పామునూ పెంచకూడదు, జరిమానా రెండు లక్షల డాలర్ల దాకా, జైలు మూడేళ్ల దాకా ఉండవచ్చు. జార్జియాలో బాల్ పైథాన్ పెంచుకోవచ్చు, కార్న్ స్నేక్ పెంచకూడదు. అది అక్కడి అడవుల్లో ఉండే స్థానిక పాము, పెంపకంలో పుట్టినదైనా నిషేధమే. అట్లాంటా శివార్లలో ఉండే తెలుగువారు ఇది గుర్తుంచుకోవాలి. అద్దె ఇంట్లో ఉంటే ఒప్పంద పత్రం కూడా చదవండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి ఇది చదివేవారికి లెక్క పూర్తిగా వేరు. జెర్రిపోతు, రెండుతలల పాము, కొండచిలువ లాంటి మన పాములను పట్టడం, పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విదేశీ పాముల మీద కూడా 2022 సవరణతో నియంత్రణ వచ్చింది. సైటిస్ జాబితాలో ఉన్న బాల్ పైథాన్ లాంటివి ఉంటే, 2024 నాటి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చెన్నై విమానాశ్రయంలో, బ్యాంకాక్ నుంచి వచ్చినవారి సామానులో దొంగచాటుగా తెచ్చిన బాల్ పైథాన్‌లు దొరకడం తరచూ వార్తల్లో వస్తోంది. కాగితాలు లేని పామును ఎవరైనా ఇక్కడ అమ్మజూపితే, అది ఈ దారిలో వచ్చినది కావచ్చు.

కొనేముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. పాము మాంసాహారి, దానికి ఇంకో తిండి లేదు. పుట్టలో పాలు పోసే ఆచారం మనకున్నా, పాలు దానికి ఆహారం కాదు, అరగవు. శాకాహారుల ఇంట్లో ఫ్రీజర్‌లో ఎలుకల పొట్లం ఉంచడానికి అందరూ ఒప్పుకోవాలి. ఇంటి తిండికి తగలకుండా దానికి వేరే పెట్టె కావాలి. రెండోది సాల్మొనెల్లా (వాంతులు, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా). ఆరోగ్యంగా ఉన్న పాము ఒంటి మీద కూడా ఇది ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు, అరవై ఐదు దాటినవారు పాములను ముట్టుకోకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య ఆరు నెలలు ఉండటానికి వచ్చే ఇళ్లలో ఇది ముందే ఆలోచించాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గూడు వంటింటి సింకులో కడగకూడదు.

పాము వచ్చేసరికి గూడు వేడెక్కి సిద్ధంగా ఉండాలి. మొదటి వారం ఎవరూ ముట్టుకోకూడదు, పిల్లలకు ఇదే కష్టం. వారం తర్వాత, కార్డులో రాసి ఉన్న సైజు ఎలుకనే, అదే పద్ధతిలో కరిగించి పెట్టండి. ఇంట్లో ఇంకో పాము ఉంటే రెండింటినీ రెండు మూడు నెలలు వేరే గదుల్లో ఉంచండి. మొదటి విసర్జనను ఒక చిన్న డబ్బాలో తీసుకుని, సరీసృపాలను చూసే పశువైద్యుడికి ఇచ్చి పురుగుల పరీక్ష చేయించండి. అలాంటి వైద్యుడు మీ ఊళ్లో ఎక్కడున్నారో పాము కొనేముందే కనుక్కోవాలి, అన్ని ఆసుపత్రుల్లో పాములను చూడరు. పాము తినకపోతే వెంటనే మళ్లీ పెట్టకండి, ఇంకో వారం ఆగండి. రెండోసారి కూడా తినకపోతే అమ్మినవారికి ఫోన్ చేసి గూటి ఫొటో, రెండు చివరల వేడి ఎంతుందో పంపండి. ఆ పిల్ల ఏ తిండి ఎలా పెడితే తిన్నదో తెలిసిన మనిషి ఆయన ఒక్కడే.